పక్కవాద్యంలో తయారైన వాగ్గేయకారుడు: లాల్గుడి జయరామన్ రచనలను ఎలా అర్థం చేసుకోవాలి?

సంక్షిప్తంగా: ఇరవయ్యో శతాబ్దపు కర్ణాటక సంగీతంలో లాల్గుడి జయరామన్ (1930–2013) పేరు రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి ఫిడేలు, రెండోది రచన. మాట లేని వాయిద్యాన్ని పట్టుకున్న వ్యక్తి పాడుకునే వర్ణాలు, నాట్యమాడే తిల్లానాలు ఎలా కూర్చారన్నది చాలామందికి తెగని ప్రశ్న. దీనికి జవాబు ఆయన దశాబ్దాల పాటు చేసిన పక్కవాద్యంలో, అంటే గాయకుడి పక్కన కూర్చుని తోడుగా వాయించడంలో దొరుకుతుంది. ఆయన ఎంచుకున్న రచనా రూపాలు, రాగాలు, కొంతవరకు భాష కూడా ఆ అనుభవంతోనే ముడిపడి ఉన్నాయి.

వాగ్గేయకారుడు అంటే ఎవరు?

పాశ్చాత్య దేశాల్లో సమకాలీన శాస్త్రీయ స్వరకర్త అంటే అర్థం స్పష్టం. ఆయన కాగితం మీద రాస్తారు, వాద్యకారులు చూసి వాయిస్తారు. రాసేవారు, వాయించేవారు చాలాసార్లు వేర్వేరు మనుషులు. అమెరికాకు చెందిన కెరొలైన్ షా వంటివారు అక్కడ కొంత అరుదు. ఆమె వయొలిన్ కళాకారిణి, గాయని, స్వరకర్త. 2013లో ముప్ఫై ఏళ్ల వయసులో సంగీతానికి పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి తెచ్చిన రచన వయొలిన్ కోసం రాసింది కాదు, ఎనిమిది గొంతుల కోసం రాసింది.

మన సంప్రదాయంలో లెక్క వేరు. వాక్కు, గేయం రెండూ కట్టినవాడు వాగ్గేయకారుడు. త్యాగరాజు పాడారు, శ్యామశాస్త్రి పాడారు. ముత్తుస్వామి దీక్షితులు వీణ వాయించినా ఆయన కృతుల్లో సాహిత్యం నిండుగా ఉంటుంది. అందుకే ఫిడేలు విద్వాంసుణ్ని వాగ్గేయకారుడు అనగానే వినేవారికి చిన్న సందేహం కలుగుతుంది. వాయిద్యంలో అక్షరం పలకదు కదా, మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాల్గుడి జయరామన్ విషయంలో ఆ సందేహం ఇంకాస్త బలపడటానికి కారణముంది. ఆయన రచనలు వాయిద్యాల వారి సొత్తుగా మిగిలిపోలేదు. గాయకులు కచేరీ మొదట్లో ఆయన వర్ణం పాడతారు, చివర్లో ఆయన తిల్లానా పాడతారు. భరతనాట్యం వేదికల మీద ఆయన పద వర్ణాలు ప్రధానాంశాలు.

ఫిడేలు మన నేల మీద కూర్చున్న కథ

జయరామన్ చేతికి వచ్చేసరికి ఈ వాయిద్యం మన సంగీతంలోకి వచ్చి నూట పాతికేళ్లు కూడా నిండలేదేమో. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా సంగీతకారుల దగ్గర దీన్ని నేర్చి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలిచారు. తంజావూరు సోదర చతుష్టయంలో ఒకరైన వడివేలు దాన్ని తిరువాంకూరు ఆస్థానానికి తీసుకువెళ్లారు. 1834లో స్వాతి తిరునాళ్ మహారాజు ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించారు.

వాయిద్యం అదే అయినా పట్టుకునే తీరు పూర్తిగా మారింది. ఐరోపాలో నిలబడి, గడ్డం కింద నొక్కి పట్టుకుంటారు. మన విద్వాంసులు బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలభాగాన్ని కుడి చీలమండ మీద ఆనిస్తారు, రెండో కొసను ఛాతీకి చేరుస్తారు. దీంతో ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే బాధ్యత తప్పుతుంది. వేళ్లు తీగ మీద పైకీ కిందికీ జారడానికి పూర్తి స్వేచ్ఛ వస్తుంది. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే గమకానికి ఆ జారుడే ఆధారం. నాలుగు తీగలను కూడా మన షడ్జ పంచమాలకు శ్రుతి చేస్తారు: స, ప, స, ప. ఈ రెండు మార్పులు జరగకపోయి ఉంటే ఫిడేలు మన కచేరీలో హార్మోనియం లాగే ఒక వివాదంగా మిగిలేది.

ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో ఫిడేలుకు ఇంకో సమస్య ఎదురైంది. అది వినపడాలి. మైకులు లేని సభల్లో గాయకుడి గొంతు, మృదంగం మధ్య నాలుగు తీగల నాదం నలిగిపోయేది. మైసూరు టి. చౌడయ్య ఏడు తీగల ఫిడేలు తయారు చేయించుకున్నది ఇందుకే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు మరో దారి తొక్కారు. నాదాన్ని తీర్చిదిద్ది, ఫిడేలు ఒంటరిగా కచేరీని మోయగలదని నిరూపించారు. 1941లో మద్రాసు సంగీత అకాడెమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. మహారాజా సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు తరువాత ప్రిన్సిపాలు అయిందీ ఆయనే. తెలుగు నేల ఫిడేలు నాయుడుగారిగా తలచుకునే ఆయన వేసిన దారిలోనే తరువాతి తరం సోలో కచేరీలకు నడిచింది.

జయరామన్ వేదిక ఎక్కే నాటికి మైకు వచ్చేసింది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఆయన శైలి అర్థం కావాలంటే ముఖ్యమైనది. కమానును బలంగా లాగాల్సిన అవసరం తగ్గినప్పుడే దాన్ని మెత్తగా, మాటలా పలికించే వీలు దొరుకుతుంది.

లాల్గుడి ఇల్లు, త్యాగరాజు నీడ

తిరుచిరాపల్లి జిల్లాలోని లాల్గుడి పేరు త్యాగరాజు కృతులు తెలిసినవారికి కొత్త కాదు. ఆ ఊరి దేవుడు సప్తర్షీశ్వరుడు, అమ్మవారు ప్రవృద్ధ శ్రీమతి మీద ఆయన ఐదు కృతులు కట్టారు. తోడిలో ‘గతి నీవని’, భైరవిలో ‘లలితే శ్రీ ప్రవృద్ధే’, కాంభోజిలో ‘మహిత ప్రవృద్ధ’, కల్యాణిలో ‘ఈశ పాహిమాం’, మధ్యమావతిలో ‘దేవ శ్రీ తపస్తీర్థ’. వీటినే లాల్గుడి పంచరత్నాలంటారు. జయరామన్ ముత్తాత రామయ్యర్ త్యాగరాజు శిష్యుడు. అంటే తరతరాలుగా తమిళ ఇంట్లో తెలుగు కృతి పాఠం సాగింది.

1930 సెప్టెంబరు 17న పుట్టిన జయరామన్‌కు గురువు తండ్రే. వి.ఆర్. గోపాలయ్యర్ కఠినమైన బోధకుడిగా పేరు పడ్డారు. పన్నెండో ఏటికల్లా కొడుకు పక్కవాద్యకారుడిగా వేదిక ఎక్కాడు.

పక్కవాద్యం నేర్పే విద్య

ఆయన రచనలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది కనుక ఈ పని ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూడాలి.

కర్ణాటక కచేరీలో ఫిడేలు విద్వాంసుడికి ముందుగా రాసిచ్చిన పాఠం ఉండదు. గాయకుడు ఆ సాయంత్రం ఏం పాడతాడో కూడా చాలాసార్లు తెలియదు. రాగం ఆలపిస్తుంటే ఫిడేలు ఒక రెప్పపాటు వెనక, నీడలా నడవాలి. గాయకుడు ఆగిన చోట ఆ పదబంధాన్ని అందుకుని, కొనసాగించి, మళ్లీ చోటివ్వాలి. తరువాత ఫిడేలు వంతు వస్తుంది. గాయకుడు పదిహేను నిమిషాలు పరిచిన రాగాన్ని ఐదారు నిమిషాల్లో, ఆయన చెప్పిందే చెప్పకుండా, ఆయన దారికి అడ్డు రాకుండా తేల్చాలి. కల్పనస్వరాల దగ్గర, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లే చోట, ఇది ఇంకా బిగుసుకుంటుంది. గాయకుడు వేసిన లెక్క విని, అక్కడికక్కడే జవాబు కట్టి, సరిగ్గా ఎడుపులో, అంటే పాట పంక్తి ఎత్తుకునే చోట వాలాలి.

ఈ పనిని సృజన అనాలా, అనుకరణ అనాలా? నిజానికి ఇది రెండింటికీ మధ్య జరిగే కూర్పు. చిన్న నిడివిలో, ఎదుటివారి వ్యాకరణంలో, తక్షణం చేసే రచన.

జయరామన్ ఎవరెవరి పక్కన కూర్చున్నారో చూస్తే ఆ శిక్షణ విస్తృతి తెలుస్తుంది. అరియక్కుడి రామానుజయ్యంగార్ మధ్యమకాలపు పరుగు, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం మెరుపు సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు), మదురై మణి అయ్యర్ లయ వెంట తేలికగా సాగే సర్వలఘు స్వరాలు, ఆలత్తూరు సోదరుల లయ లెక్కలు, శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ పట్టు వదలని రాగ విస్తారం. వేణువు మాలి పక్కన కూర్చోవడం మరో పరీక్ష. ఆయన ఏ క్షణాన ఎటు తిరుగుతారో తెలిసేది కాదు. ఒక గాయకుడు జీవితమంతా ఒకే బాణీని సానబెడతాడు. పక్కవాద్యకారుడు వారానికి మూడు బాణీల్లో ఆలోచించాలి.

టి.ఎన్. కృష్ణన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్‌లతో కలిపి జయరామన్‌ను ఫిడేలు త్రయం అనడం అలవాటైంది. ముగ్గురూ ఇదే బడిలో చదివినవారు. కృష్ణన్ వాదనంలో సంప్రదాయపు నిర్మలత్వం వినిపిస్తుంది. పరూర్ బాణీకి చెందిన గోపాలకృష్ణన్ హిందుస్తానీ పోకడలను, వేళ్ల వేగాన్ని తెచ్చారు. జయరామన్ బాణీలో పైకి కనిపించేది కమాను పని.

కమాను దిశ మారినప్పుడు నాదంలో చిన్న అంచు ఏర్పడుతుంది. చెవికి అది హల్లులా వినిపిస్తుంది. ఒకే లాగుడులో వేలు జారితే అది అచ్చు సాగినట్టుంటుంది. కృతిని వాయించేటప్పుడు సాహిత్యంలో అక్షరం ఎక్కడ మొదలవుతుందో కమాను సరిగ్గా అక్కడే తిరిగితే, కృతి తెలిసిన శ్రోతకు మాట వినిపించినట్టే ఉంటుంది. ‘ఎందరో’ అన్న మాటలో ‘ద’ దగ్గర తిరగాల్సిన కమాను ఇంకెక్కడో తిరిగితే రాగం చెడదు, మాట చెడుతుంది. ఈ క్రమశిక్షణను జయరామన్ తన వాదనానికి పునాదిగా పెట్టుకున్నారు. ఆయన వాయించేది పాట అని శ్రోతలు అనడంలో అతిశయోక్తి లేదు, అందులో ఇంత పని ఉంది. అక్షరం ఎక్కడ పడాలో ఇంతగా లెక్కవేసిన చెయ్యి సాహిత్యం కట్టడానికి పూనుకోవడం వింత కాదు.

వర్ణం ఎందుకు?

జయరామన్ కృతులు కొన్ని కట్టారు. కానీ ఆయన పేరు నిలిచింది కచేరీకి రెండు కొసల్లో ఉండే రూపాల వల్ల. మొదట పాడే వర్ణం, చివర పాడే తిల్లానా. నడుమనున్న కృతుల చోటును ఎక్కువగా త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి అనే సంగీత త్రిమూర్తులకే వదిలేశారు.

వర్ణం ఒక రాగానికి నిఘంటువు లాంటిది. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం, తరువాత చరణం, దానికి ఎత్తుగడ స్వరాలు. తాన వర్ణంలో సాహిత్యం తక్కువ. ఒక అక్షరం మీద నాలుగైదు స్వరాలు సాగుతాయి. మిగిలిన భారమంతా స్వరాలదే. రాగంలో చెల్లే పదబంధాలన్నీ అందులో పొందికగా అమరాలి. విద్యార్థి దాన్ని రెండు కాలాల్లో సాధన చేస్తే ఆ రాగం చేతికీ గొంతుకూ పడుతుంది. భైరవిలో పచ్చిమిరియం ఆదిప్పయ్య ‘విరిబోణి’ని రెండున్నర శతాబ్దాలుగా అందరూ సాధన చేస్తున్నది అందుకే.

పక్కవాద్యకారుడి బుద్ధికి ఈ రూపం సరిగ్గా సరిపోతుంది. ఐదు నిమిషాల్లో రాగ సారాన్ని చెప్పడం ఆయన రోజువారీ పని. వర్ణం కూడా అడిగేది అదే.

నళినకాంతి రాగం సంగతి చూడండి. దీని ఆరోహణ స గ రి మ ప ని స. అవరోహణ స ని ప మ గ రి స. ధైవతం అసలు లేదు. రాగం గుర్తు దొరికేది ఆరోహణలో గాంధారం నుంచి వెనక్కి రిషభానికి దిగి, అక్కడి నుంచి మధ్యమానికి ఎగిరే మలుపులో. త్యాగరాజు ‘మనవ్యాలకించరాదటే’ ఈ రాగానికి ప్రాణం పోసింది. ఇటువంటి రాగం పాడబోయే గాయకుడికి చిక్కేమిటంటే, కృతిలో ఉన్న సంగతులు దాటి బయటికి వెళ్తే దారి కనిపించదు. ఆలాపన చేసినా కృతి పల్లవినే తిప్పితిప్పి పాడినట్టు ఉంటుంది.

జయరామన్ ఈ రాగంలో ‘నీవే గతియని’ అనే వర్ణం కట్టారు. వర్ణం వచ్చాక ఆ వంకర మలుపు కింది స్థాయిలో ఎలా నడుస్తుంది, పై షడ్జం దగ్గర నిషాదం ఎంతసేపు నిలవాలి, ఏ స్వరం మీద ఆగితే పక్క రాగం నీడ పడదు వంటి ప్రశ్నలకు నమూనాలు దొరికాయి. గరుడధ్వని, వలజి రాగాల్లో ఆయన వర్ణాలు చేసిన పనీ ఇటువంటిదే. వలజిలో రిషభ మధ్యమాలు రెండూ ఉండవు. హిందుస్తానీలో కళావతికి ఇది చుట్టం. స గ ప ధ ని అన్న ఐదు స్వరాల మధ్య ఉన్న పెద్ద ఖాళీలను ఫిడేలు మీద జారుడుతో దాటాలా, విడివిడిగా దూకాలా అన్నది వాయించేవారు తేల్చుకోవాల్సిన విషయం. ఆ వర్ణం రెండింటినీ కలిపి చూపిస్తుంది.

ఇక్కడ చిన్న ముచ్చట. త్యాగరాజు లాల్గుడి దేవుడి మీద తోడిలో ఎత్తుకున్న మాట ‘గతి నీవని’. నూరేళ్లు దాటాక అదే ఊరి పేరును ఇంటిపేరులా మోసిన ఫిడేలు విద్వాంసుడు ఎత్తుకున్న మాట ‘నీవే గతియని’. కావాలని చేసినా, నాలుక మీద నానిన మాట తిరిగి వచ్చినా, వంశంలో పాఠం ఎలా ప్రవహిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు ఎందుకు, తమిళం ఎక్కడ?

తమిళ విద్వాంసుడు ఇరవయ్యో శతాబ్దంలో తెలుగులో వర్ణం కట్టడం తెలుగువారికి గర్వకారణంగా కనిపిస్తుంది. సాధారణంగా చెప్పే కారణం తెలుగు అజంత భాష కావడం. మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక రాగం సాగడానికి అనువు. ఇందులో నిజం ఉంది కానీ ఇది సగం నిజమే. భాషే అసలు కారణమైతే జయరామన్ తమిళ రచనలు ఇంత విరివిగా వేదికెక్కేవి కావు.

రచనా రూపాన్ని బట్టి చూస్తే విషయం తేటపడుతుంది. తాన వర్ణం సంప్రదాయం తంజావూరు నాయక, మరాఠా ఆస్థానాల్లో తెలుగులో స్థిరపడింది. ఆ తరువాత పట్నం సుబ్రహ్మణ్యయ్యర్, రామనాథపురం శ్రీనివాసయ్యంగార్ వంటి తమిళ ప్రాంతపు విద్వాంసులు కూడా తెలుగులోనే వర్ణాలు కట్టారు. అంటే ఆ రూపానికి తెలుగు వాడుక భాష. ఇది అలవాటు మీద నిలిచింది. పైగా తాన వర్ణంలో మాటలు కొన్నే. వాటి అర్థం శ్రోతకు తెలియకపోయినా స్వరాల పని ఆగదు.

పద వర్ణం దారి వేరు. అది నాట్యానికి కట్టేది. ముక్తాయి స్వరాలకు, ఎత్తుగడ స్వరాలకు కూడా సాహిత్యం ఉంటుంది. నర్తకి ఒక్కో పంక్తిని పదే పదే అభినయిస్తుంది. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడికి మాట అందకపోతే అభినయం సగం వృథా. ఆయన చారుకేశి పద వర్ణం ‘ఇన్నుం ఎన్ మనం’, నవరస, నవరాగ వర్ణంగా పేరుపడ్డ ‘అంగయర్కణ్ణి’ తమిళంలో ఉండటానికి ఇది ఒక కారణమనుకోవచ్చు. చారుకేశిలో త్యాగరాజు ‘ఆడమోడి గలదే’ తెలుగులో ఎంత బలంగా నిలిచి ఉన్నా, చెన్నై నాట్య వేదికకు కావలసింది అక్కడి మాట. ఆయన రచనలన్నీ ఈ గీతకు అటో ఇటో కచ్చితంగా పడతాయని కాదు, మొగ్గు మాత్రం ఇలా ఉంది.

కాలం కూడా దీనికి తోడైంది. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడి, కచేరీల్లో తమిళ పాటలకు ప్రధాన స్థానం ఇవ్వాలన్న ఉద్యమం ఊపందుకుంది. అప్పుడు జయరామన్ వయసు పదమూడు. ఆయన ఎదిగింది ఆ వాదన చుట్టూ సాగుతుండగానే. రెండు భాషలనూ చెరో పనికి వాడుకున్న తీరులో వాదన కంటే వృత్తి జ్ఞానం కనిపిస్తుంది.

తిల్లానా: కమానుకు దొరికిన అక్షరాలు

తిల్లానాలో సమస్య తలకిందులవుతుంది. ఇక్కడ ఉన్నవి అర్థం లేని అక్షరాలే. ధీం, తన, తకధిమి, తకఝణు వంటి జతులు. చివర్లో ఒకటి రెండు పంక్తుల సాహిత్యం. ఇంతకు ముందు చెప్పిన కమాను హల్లుల సంగతి గుర్తు చేసుకుంటే ఈ రూపం ఫిడేలు విద్వాంసుడికి ఎందుకు నచ్చుతుందో వెంటనే అర్థమవుతుంది. ‘ధీం’ ఒక నిండు లాగుడు. ‘తకధిమి’ నాలుగు పొట్టి తిప్పుళ్లు. జతిని గొంతుతో పలికినా కమానుతో పలికినా ఒకటే.

ఇరవైకి పైగా రాగాల్లో ఆయన తిల్లానాలు కట్టారు. దేశ్, ద్విజావంతి, సింధుభైరవి, తిలంగ్, పహాడి, మధువంతి, రాగేశ్రీ వంటి హిందుస్తానీ వాసన ఉన్న రాగాలే ఇందులో ఎక్కువ. కచేరీ చివర్లో శ్రోత బరువైన తోడి, కాంభోజిలు విని ఉంటాడు. మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం అయిపోయింది. అప్పుడు చెవికి తేలికగా పట్టే రాగం కావాలి, కాలికి చురుకైన నడక కావాలి. జయరామన్ తిల్లానాల ప్రత్యేకత ఏమిటంటే ఆ తేలికదనం కింద లెక్క గట్టిగా ఉంటుంది. తాళం దెబ్బకు కాస్త అటో ఇటో మొదలై, చుట్టూ తిరిగి, శ్రోత ఊహించని చోట వచ్చి వాలే అమరికలు చాలా కనిపిస్తాయి. మృదంగ విద్వాంసులకు, నాట్యానికి తాళం వేసి జతులు పలికే నట్టువాంగం చేసేవారికి అవి పని కల్పిస్తాయి. శ్రోతకు మాత్రం రాగమే వినిపిస్తుంది. ఆలత్తూరు సోదరుల లెక్క, మణి అయ్యర్ సులువు ఒకే చోట కలిస్తే ఇలాగే ఉంటుందనిపిస్తుంది.

అదే ఏడు పుట్టిన మరొకరు

జయరామన్‌ను సరిగ్గా అంచనా వేయడానికి దగ్గరి పోలిక మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇద్దరూ 1930లో, రెండు నెలల తేడాతో పుట్టారు. బాలమురళి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో జులై 6న జన్మించారు. ఇద్దరి పాఠమూ త్యాగరాజు నుంచే వచ్చింది. మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు మీదుగా బాలమురళికి, ముత్తాత మీదుగా జయరామన్‌కు. బాలమురళి కూడా ఫిడేలు, వయోలా పట్టి పక్కవాద్యం చేసినవారే. జయరామన్ ఆయనకు పక్కవాద్యం వాయించారు. ఇద్దరూ తిల్లానాలు కట్టారు.

ఇన్ని పోలికలు ఉన్నా రచనలో దారులు వేరు. బాలమురళి కుర్రతనంలోనే 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాలన్నింటిలో కృతులు కట్టారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి వంటి కొత్త రాగాలు సృష్టించారు. ఒక రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలన్న నమ్మకాన్నే ప్రశ్నించారు. వివాదాలకు వెనుదీయలేదు. జయరామన్ మాత్రం ఉన్న రాగాల్లో నడవని మూలలు వెతికారు. కొత్త ఇల్లు కట్టడం ఒక పద్ధతి. పాత ఇంట్లో మూసి ఉన్న గది తలుపు తెరవడం మరో పద్ధతి. కచేరీ నడుమ కూర్చుని తన దారి తాను వేసుకునే గాయకుడికి మొదటిది సహజం. ఎదుటివారి రాగంలో చోటు వెతుక్కునే వృత్తిలో ఎదిగినవారికి రెండోది సహజం. బెజవాడలో పారుపల్లివారి దగ్గరే నేర్చిన ఫిడేలు విద్వాంసుడు అన్నవరపు రామస్వామి కొత్త రాగాలు, తాళాలు కల్పించారు. కాబట్టి పక్కవాద్యం చేసినవారంతా ఒకే అచ్చులో తయారవుతారని అనలేం.

మూడో దారి ఎల్. సుబ్రహ్మణ్యానిది. 1947లో పుట్టిన ఆయన వైద్యవిద్య చదివి, పాశ్చాత్య సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. 1985లో ఆయన రచనను జుబిన్ మెహతా నిర్వహణలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది. వాద్యబృందానికి రాయాలంటే ప్రతి స్వరమూ కాగితం మీద ఉండాలి. గమకాన్ని అలా రాయడం కష్టం. కనుక ఆ పద్ధతిలో రాగం కొంత విడిచిపెట్టి, నాదాల పొందిక కొంత తెచ్చుకుంటుంది. జయరామన్ రచన స్వరలిపిలో చూస్తే ఎముకల గూడులా ఉంటుంది. కండ అంతా గురువు నోటి నుంచే రావాలి.

వేదిక నడుమకు

పక్కవాద్యం చేస్తూనే ఆయన సోలో కచేరీలకు జరిగారు. 1965లో ఎడిన్‌బరో ఉత్సవంలో వాయించినప్పుడు యెహుదీ మెనూహిన్ మెచ్చి, తన ఇటాలియన్ వయొలిన్‌ను కానుకగా ఇచ్చారు. 1966లో వేణువు ఎన్. రమణి, వీణ తిరువనంతపురం ఆర్. వెంకటరామన్‌లతో కలిసి వయొలిన్-వేణు-వీణ కచేరీని ప్రవేశపెట్టారు. వినడానికి సహజంగా ఉన్నా దీని వెనుక పని చాలా ఉంది. వేణువు శ్రుతి దాని పొడవును బట్టి ఖాయమైపోతుంది. వీణ నాదం మీటగానే కరిగిపోతుంది, ఫిడేలు నాదం కమాను ఉన్నంతసేపు నిలుస్తుంది. మూడూ కలిసి ఒకే సంగతి వాయిస్తే వీణ మునిగిపోతుంది. ఎవరు ఎప్పుడు తగ్గాలన్నది ముందే కూర్చుకోవాలి. అదీ ఒక రకం రచనే.

పురస్కారాల జాబితా పొడవైనదే: 1972లో పద్మశ్రీ, 1979లో సంగీత నాటక అకాడెమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్. సంగీత కళానిధి మాత్రం ఆయన పేరు పక్కన లేదు. 1994లో ‘జయ జయ దేవి’ నృత్య నాటకానికి సంగీతం కూర్చారు, అది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ‘శృంగారం’ అనే తమిళ చిత్రానికి 2005 సంవత్సరపు జాతీయ ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారం వచ్చింది. దేవదాసి జీవితం మీద తీసిన ఆ చిత్రం ఆయన పద వర్ణాల లోకానికి దూరమైనదేమీ కాదు. 2013 ఏప్రిల్ 22న చెన్నైలో కన్నుమూశారు.

ఇకముందు ఈ రచనలకు ఏమవుతుంది?

కొడుకు జి.జె.ఆర్. కృష్ణన్, కూతురు విజయలక్ష్మి ఫిడేలు మీద ఆ బాణీని కొనసాగిస్తున్నారు. బొంబాయి జయశ్రీ వంటి గాయకులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఫిడేలు గురువు దగ్గర గాత్రం నేర్వడం తొలి చూపులో విడ్డూరంగా ఉన్నా, కమానులో సాహిత్యం పలికించిన వ్యక్తి గురించి ఇంత చెప్పుకున్నాక అది సహజంగానే కనిపిస్తుంది.

పాఠాంతరాల విషయంలో మాత్రం ఒక కొత్త పరిస్థితి వచ్చింది. త్యాగరాజు కృతి ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్యుల పరంపరల్లో మూడు తీరుల్లో వినిపిస్తుంది. ఏది మూలమో తేల్చే రికార్డు లేదు కనుక అన్నీ బతికాయి. జయరామన్ రచనలకు ఆయన స్వయంగా వాయించిన ధ్వనిముద్రణలు ఉన్నాయి. ఫోనులో ఒక్క నొక్కుతో మూలం వినిపిస్తుంది. దీనివల్ల రచన చెదరకుండా ఉంటుంది. అదే సమయంలో గాయకులు సంగతులు పెంచుకుంటూ పోయే పాత అలవాటుకు కళ్లెం పడవచ్చు. వర్ణానికి ఇది పెద్ద నష్టం కాదు, అది మొదటి నుంచీ మార్చకుండా సాధన చేసే రూపమే. తిల్లానాల విషయంలో ఏమవుతుందో నాట్య గురువుల చేతిలో ఉంది. నర్తకి అడుగుల కోసం వారు ఇప్పటికే జతులను అవసరం మేరకు పెంచుతున్నారు, కుదిస్తున్నారు.

సంగీత పాఠాల వరుసలో వర్ణాలు ముందు, కృతులు తరువాత. అందువల్ల హైదరాబాదులోనో విజయవాడలోనో ఈనాడు నేర్చుకుంటున్న విద్యార్థికి నళినకాంతి తొలి పరిచయం ‘నీవే గతియని’ ద్వారా జరిగే వీలుంది. ‘మనవ్యాలకించరాదటే’ దగ్గరికి వచ్చేసరికి గ-రి-మ మలుపు వేళ్లకు తెలిసిపోయి ఉంటుంది.